రిసెప్షన్‌లో ఎవరి పాట, ఎప్పుడు, ఎంత గట్టిగా?

పెళ్ళి పనుల్లో వంటల జాబితా మీద పెట్టే శ్రద్ధలో కాస్తయినా రిసెప్షన్ పాటల మీద పెట్టేవాళ్ళు తక్కువ. గుత్తివంకాయ ఉండాలా, దొండకాయ వేపుడు ఉండాలా అని రెండిళ్ళ వాళ్ళూ కూర్చుని తేలుస్తారు. షుగరున్నవాళ్ళకి ఏమిటి, కారం తినలేని పిల్లలకి ఏమిటి అని కూడా ఆలోచిస్తారు. పాటల దగ్గరికొచ్చేసరికి డీజే చేతిలో అడ్వాన్సు పెట్టి "మంచి పాటలు వెయ్యి బాబూ" అనడంతో సరి. ఒకవేళ చర్చ జరిగినా అది ఎప్పుడూ ఒకే దారిన పోతుంది. అమ్మాయి ఫోన్లో చూసి పాటల పేర్లు చదువుతుంది, తండ్రి "ఘంటసాల ఒక్కటీ లేదేమే?" అంటాడు, పెళ్ళికొడుకు స్నేహితులు అప్పటికే వేరే చిట్టా పంపించి ఉంటారు. చివరికి తలా నాలుగు పాటలు కలిపేసి అందరికీ న్యాయం చేశామనుకుంటారు. ఆ రాత్రి పాత పాట మొదలవగానే ఆడుతున్న కుర్రకారు దిగిపోతారు, కొత్త పాట రాగానే పెద్దవాళ్ళు చెప్పుల కోసం వెతుక్కుంటారు. ఇందులో పాటల తప్పేమీ లేదు. ఏ పాట అన్న ప్రశ్నకి ముందు ఎంత గట్టిగా, ఏ వేళకి అన్న రెండు ప్రశ్నలు ఉన్నాయి. వాటిని ఎవరూ అడగడం లేదు. అవి రెండూ తేలితే పాటల ఎంపికలో సగం తగవు పుట్టనే పుట్టదు.

తెలుగువాళ్ళ రిసెప్షన్ ఎలా నడుస్తుందో గమనిస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. అది కచేరీ కాదు, డాన్సు హాలూ కాదు. వచ్చినవాళ్ళు వరసలో నిలబడి వేదిక ఎక్కుతారు, అక్షింతలు వేస్తారు, కవరో బహుమతో చేతికిస్తారు, ఫొటో దిగి భోజనాల వైపు నడుస్తారు. చాలామంది ఉండేది గంటో గంటన్నరో. ఆ కాస్త సమయంలో వాళ్ళకి కావలసింది ఏళ్ళ తరబడి చూడని పెద్దనాన్న కొడుకుతో నాలుగు మాటలు, "వీడు మీ చిన్నోడా, ఎంత ఎదిగిపోయాడు!" అని ఆశ్చర్యపోయే అవకాశం. ఒకే ఆఫీసులో పాతికేళ్ళు పనిచేసి రిటైరైన ఇద్దరు ఈ రోజుల్లో కలుసుకునేదే ఇలాంటి చోట. కాబట్టి సాయంత్రంలో ఎక్కువ భాగం సంగీతం చేయాల్సిన పని మాటల కింద పరుచుకుని ఉండడం. మాటలని తొక్కేసి పైకి లేవాల్సిన సమయం కొంతే.

ఈ సమయజ్ఞానం మన పెళ్ళిళ్ళకి కొత్తేమీ కాదు. నాదస్వరం, డోలు ఆరుబయట వాయించడానికి తగిన వాద్యాలు, వాటి గొంతు పెద్దది. అయినా పురోహితుడు మంత్రం చెబుతున్నంతసేపూ మేళం అణిగి ఉంటుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన, మాంగల్యధారణ వేళ ఆయన చెయ్యి ఊపగానే గట్టిమేళం మోగుతుంది. ఆఖర్న మధ్యమావతిలోనో సురటిలోనో మంగళం పాడి ముగిస్తారు. ఎప్పుడు హోరెత్తించాలో, ఎప్పుడు తగ్గాలో తంతే చెబుతుంది, వాయించేవాళ్ళ సరదా కాదు. ఆడవాళ్ళ పాటలదీ అదే తీరు. ఎదురుకోళ్ళకి ఒక పాట, అలకపాన్పుకి ఒకటి, అప్పగింతలకి ఒకటి. ఆ వరస మైకుసెట్టు వచ్చాక చెదిరింది. చెట్టుకి కట్టిన గొట్టాల్లోంచి తెల్లవారుజామున మొదలై రాత్రిదాకా రికార్డులు మోగుతూనే ఉండేవి. ఆపరేటరు ఇష్టమే ఊరందరి ఇష్టం. ఇవాళ్టి డీజే సన్నాయి మేళానికి వారసుడని అనుకుంటాం కానీ, నిజానికి అతను ఆ మైకుసెట్టుకి వారసుడు.

ముందు శబ్దం సంగతి చూద్దాం, ఎందుకంటే తరాల మధ్య తగవు అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం చెవులకి సంబంధించినదే. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెళ్ళు. వెనక మోత పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. ఫ్రాన్స్‌కి చెందిన ఎతియెన్ లాంబార్డ్ అనే వైద్యుడు 1911లో దీన్ని వివరించాడు. హాల్లో ఒక గుంపు గొంతు పెంచితే పక్క గుంపూ పెంచుతుంది, అది చూసి డీజే ఇంకాస్త పెంచుతాడు. అరగంటలో అందరూ అరుచుకుంటూ ఉంటారు, ఎవరికీ ఏమీ వినపడదు. మన ఫంక్షన్ హాళ్ళలో గ్రానైటు నేల, అద్దాలు, నున్నటి గోడలు కావడంతో శబ్దం ఇంకిపోయే చోటు లేక తిరిగి తిరిగి మోగుతుంది. ఇక వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా హెచ్చు స్థాయి ధ్వనుల్ని తీసుకుపోతుంది. స, ష, చ, త లాంటి హల్లుల పదును ఉండేది అక్కడే. అంటే డెబ్బై ఏళ్ళ మనిషికి స్పీకర్లోని దడదడ శుభ్రంగా వినిపిస్తుంది, పక్కన కూర్చున్న మనవరాలు అడిగిన మాట మాత్రం అర్థం కాదు. చెవి మిషను పెట్టుకుంటే మాటతో పాటు మోత కూడా పెరుగుతుంది. "ఈ కాలం పాటలు వినలేం" అని పెద్దవాళ్ళు అంటే అది అభిరుచి అనుకుని నవ్వుతాం. చాలాసార్లు అది వాళ్ళ చెవి చెబుతున్న మాట.

పైగా మన ఏర్పాట్లలో ఒక విడ్డూరం ఉంది. వేదికకి అటూ ఇటూ మనిషి ఎత్తు స్పీకర్లు నిలబెడతారు, వాటికి సరిగ్గా ఎదురుగా ముందు వరసలో మెత్తటి సోఫాలు వేస్తారు. ఆ సోఫాల్లో కూర్చోబెట్టేది తాతయ్యల్ని, అమ్మమ్మల్ని, బాలింతల్ని. గౌరవించాలనుకున్నవాళ్ళనే మోత ఎక్కువున్న చోట కూర్చోబెడుతున్నాం. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. హాల్లో అంత తగ్గకపోయినా తేడా తెలుస్తుంది. చివరి వరసకి వినిపించాలని రెండు పెద్ద స్పీకర్లని పెంచడం కన్నా, హాలు పొడవునా నాలుగైదు చిన్న స్పీకర్లు పెట్టి అన్నింటినీ తగ్గించి నడపడం మేలు. పెద్దవాళ్ళ సోఫాలు పక్కకో మధ్యకో జరిపితే ఖర్చు కూడా లేదు. భోజనాల దగ్గర వీలైతే వేరే స్పీకరు, వేరే పాటలు ఉండాలి. వడ్డించేవాళ్ళు "ఇంకొంచెం వేయమంటారా?" అని అరవాల్సి వస్తే అది భోజనం కాదు. అమెరికాలో రోనల్డ్ మిల్లిమన్ అనే పరిశోధకుడు ఒక రెస్టారెంట్లో చేసిన అధ్యయనం 1986లో వచ్చింది. నెమ్మదైన సంగీతం ఉన్నప్పుడు జనం సగటున 56 నిమిషాలు, వేగమైన సంగీతానికి 45 నిమిషాలు బల్ల దగ్గర కూర్చున్నారని అందులో తేలింది. కుర్చీ వెనక మరో బంతి జనం నిలబడి ఉన్న చోట వేగం పాటలు పనికొస్తాయేమో మరి, అది పిలిచినవాళ్ళ మర్యాదకి వదిలేద్దాం.

ఇక్కడ కుర్రవాళ్ళ అభ్యంతరం ఒకటి ఉంది, అది బలమైనదే. శబ్దం తగ్గిస్తే ఊపు రాదు, బేస్ గుండెకి తగలకపోతే కాళ్ళు కదలవు అంటారు. వాళ్ళు చెప్పింది ఊరికే కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక ఎలక్ట్రానిక్ సంగీత కచేరీలో చెవికి అందనంత తక్కువ స్థాయి ధ్వనుల్ని మధ్య మధ్య కలిపి, మళ్ళీ ఆపి, జనం కదలికలు కొలిచారు. ఆ ధ్వనులున్నప్పుడు జనం దాదాపు 12 శాతం ఎక్కువ ఊగారని 2022లో ప్రకటించారు. కాబట్టి డాన్సుకి బేస్ కావాలి, ఇవ్వాలి. అయితే ఆ అవసరం డాన్సు చేసే చోటుకి, డాన్సు చేసే సేపటికి మాత్రమే. వరసలో నిలబడి కవరు పట్టుకున్న మేనత్తకి ఆ అవసరం లేదు. మితి కూడా ఉంది. వినోద వేదికల్లో పావుగంట సగటు 100 డెసిబెళ్ళు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. పనిచేసే చోట 85 డెసిబెళ్ళకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకీ సమయం సగానికి తగ్గాలన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. దాని ప్రకారం 100 దగ్గర పావుగంటే. రోజూ ఇవే హాళ్ళలో తిరిగే వంటవాళ్ళని, ఫొటోగ్రాఫర్లని ఈ లెక్కలో ఎవరూ వేయరు. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ కచ్చితమైన అంకె చెప్పకపోయినా, 75 దగ్గరున్నామో 95 దాటామో తెలియడానికి సరిపోతుంది.

రెండోది వేళ. విస్తట్లో పప్పు, పులుసు, పెరుగు, పాయసం అన్నీ ఒకేసారి కలిపి తినమంటే ఎవరూ తినరు, వరస ఉంటుంది. రిసెప్షన్‌కి వచ్చే జనం కూడా ఒక వరసలోనే వస్తారు. మొదట వచ్చేది పెద్దవాళ్ళు, దూరపు ఊళ్ళ బంధువులు, తొందరగా తిని వెళ్ళాల్సినవాళ్ళు. తర్వాత ఆఫీసువాళ్ళు, ఇరుగుపొరుగు. ఆఖరిదాకా ఉండేది దగ్గరివాళ్ళు, స్నేహితులు. ఎవరున్న గంట వాళ్ళకిస్తే చాలు, ఒక్కో పాటనీ అందరికీ సమానంగా పంచనక్కర్లేదు. మొదటి గంట వీణో వేణువో వయొలినో, అన్నమయ్య పెళ్ళి కీర్తనలో, పాత సినిమా బాణీలో తగ్గు స్థాయిలో నడవాలి. జంట వేదికెక్కేటప్పుడు వాళ్ళకి నచ్చిన ఒక్క పాట నిండుగా వినిపించి మళ్ళీ తగ్గాలి. ఆపైన డాన్సు. ఇది అర్ధరాత్రికి నెట్టేస్తే చట్టం అడ్డొస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. మూసి ఉన్న హాళ్ళకి, లోపలివాళ్ళ కోసం మాత్రం మినహాయింపు ఉంది. గార్డెన్లో, లాన్లో పెట్టుకున్నవాళ్ళు ఇది ముందే చూసుకోకపోతే, సరిగ్గా కుర్రకారు చొక్కా చేతులు మడిచే వేళకి పోలీసు వచ్చి ఆపిస్తాడు.

"మన పెళ్ళిళ్ళలో వేళలు ఎవరు పాటిస్తారండీ, ఏడన్నరకి రావాల్సిన పెళ్ళికూతురు మేకప్ అయ్యేసరికి తొమ్మిదవుతుంది" అని ఈవెంట్ మేనేజర్లు అంటారు. నిజమే. అందుకే డాన్సుని ఫొటోల వరస పూర్తవడానికి ముడిపెట్టకూడదు. ఎనిమిదిన్నర కల్లా హాల్లో ఒక పక్కన, వేదికకి దూరంగా, ఆడుకునే చోటు తెరిచేయొచ్చు. అది చిన్నపిల్లలతో మొదలవ్వాలి. తొమ్మిది దాటితే వాళ్ళు అమ్మ ఒళ్ళో నిద్రపోతారు, పైగా ఎవరూ ముందుకి రాని హాల్లో సిగ్గు లేకుండా మొదట గెంతేది వాళ్ళే. 'అల వైకుంఠపురములో' (2020)లోని బుట్టబొమ్మ పాటకి ఆరేళ్ళ పిల్ల చేతులు తిప్పుతుంటే అమ్మమ్మ పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంది, ఆ చప్పట్ల నుంచి ఆవిడ చెయ్యి పట్టుకుని లాగడానికి ఎంతో దూరం లేదు.

ఇప్పుడు పాటలకి వద్దాం. ఏ వయసువాళ్ళకి ఏ పాటలు ప్రియం అన్నదాని మీద మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు 1989లో ఒక అధ్యయనం ప్రచురించారు. మనిషికి సుమారు ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ళ వయసులో మోగుతున్న పాటలంటే జీవితాంతం మక్కువ ఎక్కువని అందులో తేలింది. అది అమెరికన్ల మీద చేసినదే అయినా లెక్క వేసి చూడండి. 1950లో పుట్టిన నాయనమ్మకి ఆ వయసు 1974లో వచ్చింది, సరిగ్గా ఘంటసాల పోయిన సంవత్సరం. 1968లో పుట్టిన తండ్రికి 1992. అదే ఏడాది 'ఘరానా మొగుడు', 'రోజా' వచ్చాయి. 1997లో పుట్టిన పెళ్ళికొడుకుకి 2021. ఇంత దూరాన్ని ఒక్క చిట్టాలో ఎలా కలపడం? కార్నెల్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త కెరల్ క్రుమ్‌హాన్సల్ 2013లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ దారి చూపిస్తుంది. ఇరవై ఏళ్ళ వయసువాళ్ళకి తమ కాలం పాటలతో పాటు తమ తల్లిదండ్రుల యవ్వనంలోని పాటలు కూడా బాగా తెలుసని, వాటి మీద మమకారం ఉందని ఆమె బృందం గమనించింది. అంతకన్నా పాత పాటల విషయంలో కూడా అలాంటి మమకారం కొంచెంగా కనిపించింది. కారులో, వంటింట్లో, టీవీ ముందు పెద్దవాళ్ళు పెట్టిన పాటే పిల్లల చెవిన పడుతుంది కదా. పాట పైనుంచి కిందికి తేలిగ్గా పారుతుంది. కింద నుంచి పైకి పారడం కష్టం, నిన్న రీల్స్‌లో వచ్చిన పాట డెబ్బై ఏళ్ళ ఆయన దాకా చేరదు.

దీన్నిబట్టి ఒక నిర్ణయం తేలుతుంది. అందరూ కలిసి ఉన్న గంటలో అనుమానం వస్తే పెళ్ళికొడుకు తరం పాట కన్నా అతని తల్లిదండ్రుల తరం పాట ఎంచుకోవాలి. 1980, 90 దశకాలు మన ఇళ్ళలో మధ్య వంతెన. ఆ కాలానికి గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. 1966లో సినిమాకి వచ్చి 2020లో కన్నుమూసేదాకా ఆయన పాడుతూనే ఉన్నారు కాబట్టి, హాల్లో ఉన్న మూడు తరాల్లో ఏ తరాన్ని అడిగినా "మా బాలు" అంటుంది. ఇంకో సులువు కూడా ఉంది. మన సినిమావాళ్ళే తండ్రుల పాటల్ని కొడుకులకి మళ్ళీ వడ్డించారు. 'ఘరానా మొగుడు'లోని బంగారు కోడిపెట్టని కీరవాణే 2009లో 'మగధీర'కి మళ్ళీ కట్టారు. 'యముడికి మొగుడు' (1988)లోని అందం హిందోళం 2016లో 'సుప్రీమ్'లో వచ్చింది. 'ఖైదీ నంబర్ 786' (1988)లోని గువ్వా గోరింకతో 2015లో 'సుబ్రమణ్యం ఫర్ సేల్'లో తేలింది. రీమిక్సుల మీద విమర్శకులకి కోపం ఉండొచ్చు, నాకూ కొన్నింటి మీద ఉంది. కానీ రిసెప్షన్‌లో తండ్రీ కొడుకూ ఇద్దరూ అడుగులు తెలిసి ఆడగలిగే పాటలు ఇవి. ముందు పాత రూపం, వెంటనే కొత్త రూపం వేసే డీజే తన పని తెలిసినవాడు.

ఇంత చెప్పినా మరో మాట మిగిలే ఉంటుంది. పెళ్ళి మాది, పాటలు మా ఇష్టం అంటారు జంట. పెళ్ళి వాళ్ళదే, అందులో తిరుగులేదు. అయితే రిసెప్షన్ అనేది ఇద్దరి కుటుంబాలూ కలిసి ఊరందర్నీ పిలిచి మర్యాద చేసే కార్యక్రమం. తమకే నచ్చినట్టు ఉండే రాత్రి కావాలంటే సంగీత్ పేరుతో అది ఇప్పుడు చాలా ఇళ్ళలో విడిగా జరుగుతోంది. తెలంగాణలో బరాత్ ఎప్పటినుంచో ఉంది. డప్పు మీద తీన్మార్ దెబ్బ పడితే అక్కడ వయసు తేడా ఎవరూ అడగరు, హైదరాబాదు పాతబస్తీలో మర్ఫా మోగినా అంతే. గట్టిగా ఆడుకునే చోటు ఒకటి ముందే ఉన్న పెళ్ళిలో రిసెప్షన్‌ని కూడా అలాగే మోగించాలని పట్టుబట్టడంలో అర్థం లేదు. పెద్దవాళ్ళ నుంచి వచ్చే అభ్యంతరం వేరు. ఐటం పాటల మాటలు పిల్లల ముందు, వియ్యాలవారి ముందు ఇబ్బంది అంటారు. దానికి వాదన అవసరం లేదు. కావలసిన పాటల చిట్టా కన్నా వేయకూడని పాటల చిట్టా డీజేకి ముందు ఇవ్వాలి. అది అర పేజీ దాటదు, గొడవలు మాత్రం చాలా తప్పుతాయి.

ఆ చిట్టాలో విషాద గీతాలకి కూడా చోటివ్వాలి. వేణువు మీద వాయించిన పాత పాటల ఆల్బం కొని మొదటి గంట నిశ్చింతగా నడిపేయొచ్చు అనుకుంటాం. మాటలు లేకపోయినా బాణీ మాటల్ని గుర్తుచేస్తుంది. పెళ్ళికూతురు అక్షింతలు అందుకుంటున్న సమయంలో వేణువు మీద 'దేవదాసు' (1953) విరహం మోగితే ముందు వరసలో అమ్మమ్మకి మాటలతో సహా వినిపిస్తుంది. 'మరో చరిత్ర' (1978) బాణీలు ఎంత మధురమైనా ఆ ప్రేమికుల ముగింపు అందరికీ తెలుసు. మరోపక్క బాపు 'పెళ్ళిపుస్తకం' (1991) కోసం ఆరుద్ర రాయగా కేవీ మహాదేవన్ స్వరపరిచిన పెళ్ళి పాట ఎన్ని వేల రిసెప్షన్లలో మోగినా అరగలేదు. అరిగిపోయిన పాట అని కుర్రవాళ్ళు విసుక్కున్నా అది ఉండాల్సిందే.

రెండు భాషల పెళ్ళిళ్ళు పెరిగాయి. తమిళ వియ్యంకులుంటే ఇళయరాజా, రెహమాన్ బాణీలు చాలు. 'రోజా' పాటలు ఇటువైపు తెలుగులో, అటువైపు తమిళంలో మనసులో పాడుకుంటారు, ఏ భాషలో వేసినా ఎవరికీ లోటు ఉండదు. ఉత్తరాదివాళ్ళుంటే 2023లో ఆస్కారు అందుకున్న నాటు నాటుని మించిన పరిచయం అక్కర్లేదు. అమెరికాలో జరిగే తెలుగు రిసెప్షన్లలో చిక్కు ఇంకోలా ఉంటుంది. ఆరు నెలల కోసం వచ్చిన తాతగారు ఒక బల్ల దగ్గర, తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన మనవలు మరో బల్ల దగ్గర. అక్కడ కూడా ముందు గంట పెద్దలది, చివరి గంట పిల్లలది అన్న వరసే పనిచేస్తుంది.

ఆర్కెస్ట్రా పెడితే హుందాగా ఉంటుందని కొందరి నమ్మకం. మంచి గాయకులు దొరికితే నిజమే. పాటకీ పాటకీ మధ్య ఊపిరి పీల్చుకునే విరామం కూడా ఉంటుంది. కానీ ఆర్కెస్ట్రా తనని చూడమంటుంది, చప్పట్లు కోరుతుంది. పలకరింపుల కోసం వచ్చిన జనం వెన్ను తిప్పి మాట్లాడుకుంటుంటే పాడేవాళ్ళకి బాధ, విసిగి మైకు పెంచితే మళ్ళీ మొదటికొస్తుంది. పెద్ద హాలు, కూర్చుని వినే జనం ఉంటేనే అది తగుతుంది. మామూలు రిసెప్షన్‌కి రికార్డు పాటలు చాలు, అయితే వాటి మీద ఒక్కడికే అధికారం ఉండాలి. డీజే దగ్గరికి పదిమంది వెళ్ళి పది పాటలు అడిగితే అతను ఎవరి మాట వినాలో తెలియక గట్టిగా అరిచినవాడి మాట వింటాడు. రెండు తరాలతోనూ చనువున్న మేనమామనో బావగారినో ఎంచుకుని, "శబ్దం తగ్గించాలన్నా, పాట మార్చాలన్నా ఈయన చెబితేనే" అని డీజేకి ముందే చెప్పి, వేళల పట్టిక ఒకటి కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా ఉంచితే సరిపోతుంది. యాంకరుకి కూడా ఇదే కాగితం ఇవ్వాలి. "మేక్ సమ్ నాయిస్" అని పావుగంటకోసారి కేకలు పెట్టడం అతని పని కాదని అందులో ఒక ముక్క రాస్తే తప్పేం లేదు.

చివరగా డబ్బు సంగతి. పాటలు వేయడానికి లైసెన్సు కావాలని, రాయల్టీ కట్టాలని ఎవరైనా అడిగితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షను మతపరమైన వేడుకల్లో పాటలు వినిపించడాన్ని ఉల్లంఘనగా చూడదు, పెళ్ళి ఊరేగింపునీ, పెళ్ళికి సంబంధించిన ఇతర వేడుకల్నీ అందులోనే కలిపింది. పెళ్ళిళ్ళలో పాటలకి రాయల్టీ వసూలు చేస్తున్నారన్న ఫిర్యాదుల మీద కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల శాఖ 2023 జులైలో నోటీసు ఇచ్చి ఈ సంగతే మళ్ళీ స్పష్టం చేసింది. ఆ పేరు మీద బిల్లులో ఏదైనా అంకె కనిపిస్తే తీసేయమని అడగండి. మిగిలిన డబ్బుతో భోజనాల హాల్లోకి రెండు చిన్న స్పీకర్లు అద్దెకి వస్తాయి.